అత్తగారు లేకపోతే కథెలా?

ఈమధ్య ఒక వారపత్రికకి కొత్త సీరియల్ మొదలుపెట్టాను. నాలుగు వారాలు నడిచింది. కథానాయికకి పెళ్ళి చేశాను, కాపురానికి పంపాను. మంచి మొగుడు, మూడు గదుల వాటా, వాకిట్లో పారిజాతం చెట్టు. అంతా సవ్యంగా ఉంది. అయిదో వారం రాసింది పంపబోతూండగా సంపాదకుల దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"అంతా బాగానే ఉందమ్మా. అత్తగారు ఎప్పుడొస్తారు?"

"అత్తగారు లేరండీ. మొదటి వారంలోనే హాల్లో గోడకి దండ వేసిన ఫోటో పెట్టాను కదా!"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మరి కథెలా నడుస్తుందమ్మా?" అన్నారు చివరికి. పెళ్ళి రేపనగా వంటవాళ్ళు రామన్నారని కబురొస్తే ఆడపెళ్ళివారు అడిగినట్టు అడిగారు పాపం.

ఆయన బాధ నాకు తెలియనిది కాదు. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. కథకి గొడవ కావాలి. ఆ గొడవ ప్రతివారమూ తాజాగా కావాలి. స్నేహితురాలితో పోట్లాట పెడితే నాలుగు వారాల్లో ఇద్దరూ మాటలు మానేస్తారు, కథ అయిపోతుంది. పక్కింటావిడతో పెడితే తలుపు వేసుకుంటే సరి. అత్తాకోడళ్ళకి ఆ సౌకర్యం లేదు. ఉదయం పదింటికి ఎంత మాటన్నా అనుకోనివ్వండి, పన్నెండింటికి ఒకరు వడ్డించాలి, మరొకరు తినాలి. రక్తసంబంధమా అంటే కాదు. పరాయివాళ్ళా అంటే అదీ కాదు. ఒక్క మగవాడి మీద ఇద్దరికీ హక్కు. అతగాడు పేపరు అడ్డం పెట్టుకుని ఎవరి పక్షమూ తేల్చడు. ఇంతకన్నా రచయిత్రికి కావలసిందేముంది చెప్పండి!

మన సామెతలు చూడండి. అత్త మీద కోపం దుత్త మీద చూపించిందన్నారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నారు. దుత్తలూ కుండలూ తప్ప ఇంకోటి లేదేమిటా అని నాకు చాలా రోజులు నవ్వొచ్చేది. తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో ఆ ఇద్దరికీ ఉన్న రాజ్యం అదొక్కటే! పొలం మగవాళ్ళది, పెట్టె మగవాళ్ళది, ఊళ్ళో పేరు మగవాళ్ళది. మిగిలింది కొట్టుగదీ, ఉట్టీ, తాళంచెవీ. జానెడు రాజ్యానికి ఇద్దరు రాణులు ఉంటే యుద్ధం కుండల మీద కాక ఇంక దేనిమీద జరుగుతుంది?

మగవాళ్ళ వైపు అత్తింటి గొడవల్లో హాస్యం లేదనుకునేరు, పుష్కలంగా ఉంది. కొత్త అల్లుడిని దశమ గ్రహమని ఊరికే అన్నారా? ఆయనగారి అలకపాన్పు ఒక్కటి చాలు నాలుగు ప్రకరణాలకి. అంతెందుకు, మన ‘కన్యాశుల్కం’ నాటకానికి ఇరుసు ఏమిటంటారు? గిరీశం కబుర్లు ఒక పక్కన పెట్టండి. అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి అమ్మబోతాడు. తల్లి వెంకమ్మ ఏడుస్తుంది. అప్పుడు ఆవిడ తమ్ముడు కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించి, ఆ ముసలాయనకే కట్టబెట్టడానికి బయల్దేరతాడు. బావ మూర్ఖత్వానికి బావమరిది వేసిన ఎత్తు! 1892లో మొదటిసారి ఆడిన ఆ నాటకాన్ని చూసి జనం ఇప్పటికీ నవ్వుతున్నారంటే, ఆ నవ్వుకి అడుగున ఒక చిన్నపిల్ల బతుకు ఉంది. ఆ సంగతి గురజాడవారు ఎక్కడా మరచిపోలేదు.

ఇక మన అత్తగారంటే సూర్యకాంతమే. 1924లో పుట్టి 1994లో వెళ్ళిపోయిన ఆ మహాతల్లి, ఎడంచెయ్యి తిప్పుతూ మాట్లాడిందంటే హాల్లో ఉన్న కోడళ్ళందరికీ వాళ్ళ వాళ్ళ వంటిళ్ళు గుర్తొచ్చేవిట. ఆవిడ దెబ్బకి ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడమే మానేశారని చెప్పుకుంటారు. నిజానికి సెట్టు మీదకి ఇంటి నుంచి వంటలు చేసి పట్టుకొచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేదని ఆవిడతో పనిచేసినవాళ్ళే చెప్పారు. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో రామారావూ, నాగేశ్వరరావూ ఇద్దరూ ఉన్నారు. సావిత్రీ, జమునా ఉన్నారు. అయినా సినిమాకి పేరు మాత్రం గుండమ్మదే. ఆవిడ అందులో ముందు సవతితల్లి, తర్వాతే అత్త. చివర్లో ఛాయాదేవి వచ్చి ఆ ఇంట్లో తిష్టవేసి గుండమ్మనే ఏడిపించడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా గుండమ్మకి బుద్ధి రావాలని కూర్చున్న మనం, ఉన్నట్టుండి "అయ్యో గుండమ్మా!" అంటాం. ఆ "అయ్యో" లేకపోతే అది హాస్యం కాదు, వట్టి అల్లరి.

భానుమతిగారి ‘అత్తగారి కథలు’ దారి వేరు. అక్కడ చెప్పేది కోడలే. అయినా అత్తగారి మీద కసి కనబడదు. ఆ అత్తగారి మడీ, ఆవకాయా, అమాయకత్వమూ, అందులోంచి హఠాత్తుగా ఊడిపడే గడుసుతనమూ... వీటన్నిటితోబాటు కోడలి తెల్లమొహం కూడా మనకి కనబడుతూంటుంది. ఎదుటివాళ్ళని చూసి ఎంత నవ్వామో, అందులో సగమైనా మనని చూసి మనం నవ్వుకోవాలని ఆ పుస్తకం నాకు నేర్పింది. నేర్చుకున్నానా అన్నది వేరే సంగతి. అక్కడికే వస్తున్నాను.

రెండేళ్ళ కిందట ఒక హాస్యనవల రాశాను. అందులో అత్తగారిని గయ్యాళి గంపలా తీర్చిదిద్దాను. మొదటి డికాక్షను తనకి, రెండోది కొడుక్కి, మూడోది కోడలికి. తాళాలగుత్తి బొడ్లో దోపుకునే నిద్రపోతుంది. పంచదార డబ్బా రోజుకో చోట దాస్తుంది... ఒకరోజు బియ్యం డ్రమ్ములో, ఒకరోజు దేవుడి మందిరం వెనకాల, ఒకరోజు పాత దుప్పట్ల మడతల్లో. ఆ డబ్బా కోసం కోడలు ఇల్లంతా గాలించే ఘట్టానికి నాకు వచ్చినన్ని ఫోన్లు మరే నవలకీ రాలేదు.

మీతో దాపరికం ఎందుకు? ఆ పంచదార డబ్బా మా అత్తగారిదే!

పత్రిక ఇంటికి రాగానే ముందు చదివేది ఆవిడే. ఆ వారం నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. ముందుగదిలోంచి పకపకా నవ్వు వినబడింది. కళ్ళజోడు చేత్తో పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఎంత బాగా రాశావే అమ్మాయ్! అచ్చం మీ అమ్మే!" అన్నారు.

నా చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రమే మా అమ్మ ఫోను చేసింది. "ఏమే, బుద్ధుందా నీకు? ఆవిణ్ణి అలా రాస్తావా? రేపు ఆవిడ మొహం ఎలా చూస్తావే?" అంటూ చివాట్లు పెట్టింది. పెట్టి, తనూ ఫక్కున నవ్వింది. ఆ ఇద్దరు వియ్యపురాళ్ళూ ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. పుస్తకంలో ఉన్న అత్త ఎదుటి ఆవిడే!

అప్పుడు గుర్తొచ్చింది, మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన లెక్చరర్‌గారు ఒకసారి క్లాసులో చెప్పిన సంగతి. రోమునగరంలో టెరెన్స్ అనే ఆయన ‘హెకీరా’ అని నాటకం రాశాడు. అంటే ‘అత్తగారు’ అనే అర్థం. క్రీస్తు పూర్వం 165లో మొదటిసారి ఆడితే జనం సగంలో లేచి తాడు మీద నడిచేవాడిని చూడటానికి పోయారట. రెండోసారి, కత్తియుద్ధాలు ఉన్నాయన్న పుకారు విని గోల చేశారట. మూడోసారికి గాని నాటకం పూర్తిగా సాగలేదు. మేము క్లాసంతా నవ్వాం. కథ మటుకు నవ్వేటట్టు లేదు. కోడలు ఉన్నట్టుండి పుట్టింటికి వెళ్ళిపోతుంది. ఇంకెవరు, అత్తే వెళ్ళగొట్టి ఉంటుందని కట్టుకున్న భర్తతో సహా అందరూ ఆవిడనే నిందిస్తారు. అసలు కారణం వేరే. పాపం ఆ అత్త, "నా మూలాన్నే అయితే నేనే పల్లెకి వెళ్ళి ఉంటాను, పిల్ల తిరిగి రానీ" అంటుంది. రెండువేల ఏళ్ళ నాడే ఒకాయన, అత్త కాబట్టి తప్పు అత్తదే అనుకోకండర్రా అని చెప్పాడు. జనం తాడు మీద నడిచేవాడి దగ్గరికి పోయారు!

నేను చేసిన పనీ అంతకన్నా గొప్పగా లేదు. మా అత్తగారు పంచదార డబ్బా దాచడానికి ఒక కారణం ఉంది. మా మామగారికి చక్కెరజబ్బు. ఆయనేమో తీపి అంటే ప్రాణం పెట్టే మనిషి. అర్ధరాత్రి లేచి పిల్లిలా వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు పంచదార నోట్లో పోసుకునేవారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆవిడ చెయ్యి మటుకు ఆ డబ్బాని ఇంకా దాస్తూనే ఉంది. నా నవలలో ఆ కారణం తీసేసి పిసినారితనం పెట్టాను. నవ్వు వచ్చింది. కారణం తీసేస్తే గయ్యాళి, ఉంచితే మనిషి. మా వృత్తిలో కిటుకంతా ఇంతే!

అయినా ఇంతవరకూ దీన్ని సరదాగానే తీసుకున్నాను. నవల పూర్తయిన నెలరోజులకి ఒక ఉత్తరం వచ్చింది. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేవాళ్ళే తక్కువ. రూళ్ళ కాయితం మీద గుండ్రటి అక్షరాలు. ఊరు లేదు, పేరు లేదు. నవలలో ఒకచోట అత్త కొట్టుగదికి తాళం వేసి పేరంటానికి వెళ్ళిపోతుంది. కోడలు కిటికీలోంచి కర్రతో ఉట్టి దింపుకుని పెరుగన్నం తిని, నెపం పిల్లి మీద పెడుతుంది. దాని గురించి రాసింది ఆ అమ్మాయి.

"నేను కూడా నవ్వానండీ. మా ఇంట్లో పిల్లి లేదు. అందుకని ఆ రాత్రి మంచినీళ్ళు తాగి పడుకున్నాను. మా అత్తగారు కూడా మీ సీరియల్ చదువుతారు. ఆవిడా నవ్వారు. నవ్వి, లేచి వెళ్ళి తాళం వేశారు."

అంతే ఉత్తరం. జవాబు రాద్దామంటే చిరునామా లేదు. ఆ కాయితం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో! మావారు వచ్చి, "ఏమిటలా ఉన్నావ్?" అని అడిగితే కాయితం ఆయన చేతికిచ్చాను. చదివి, ఏమీ అనకుండా మడిచి నా బల్ల మీద పెట్టారు.

వరకట్నం కూడదని 1961లో చట్టం వచ్చింది. భర్తా, అతని తరఫువాళ్ళూ పెట్టే హింస నేరమని 1983లో 498-ఎ సెక్షను చేర్చారు. వరకట్నం చావుకి ప్రత్యేకంగా శిక్ష 1986లో పెట్టారు. 2024 జులై నుంచి కొత్త న్యాయసంహితలో ఆ నేరాలకి అంకెలు మారాయి, నేరాలు మటుకు అవే. ఆ ఏళ్ళన్నిటిలోనూ సినిమాల్లోనూ, మా నవలల్లోనూ అత్త చేతులు తిప్పుతూనే ఉంది, మనం నవ్వుతూనే ఉన్నాం. అయితే నవ్వడం తప్పా? నేను రాసింది పాపమా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది.

ఆలోచించగా నాకు తోచింది చెబుతాను, మీరేమంటారో చూసుకోండి. నవ్వించే అత్తకథలు ఏవైనా తీసి చూడండి, కోడలికి ఒక తలుపు తెరిచి ఉంటుంది. ఎదురు మాట్లాడే నోరో, రమ్మనే పుట్టిల్లో, సొంత సంపాదనో, అంజిలాంటి మొగుడో ఏదో ఒకటి ఉంటుంది. తలుపున్న ఇంట్లో గొడవ తమాషాగా ఉంటుంది. తలుపు లేని ఇంట్లో అదే తాళం, అదే కొట్టుగది... కథ మారిపోతుంది. నేను ఆ అమ్మాయికి పిల్లిని ఇచ్చాను కాని తలుపు ఇవ్వలేదు.

ఇంకో మాట. గట్టిగా అరిచే అత్త వల్ల వచ్చే ప్రమాదం కన్నా నెమ్మదిగా మాట్లాడేవాళ్ళ వల్ల వచ్చేదే ఎక్కువ. జేన్ ఆస్టిన్ 1811లో వేసిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ మాకు బి.ఎ.లో పాఠం. అందులో ఒకాయన చనిపోతున్న తండ్రికి మాటిచ్చి, ముగ్గురు సవతి చెల్లెళ్ళకి తలా వెయ్యి పౌన్లు ఇద్దామనుకుంటాడు. ఆయన భార్య ఫానీ గొంతు ఎక్కడా పెంచదు. వెయ్యి అయిదువందలవుతుంది. అయిదువందలు ఏడాదికింత భత్యమవుతుంది. భత్యం అప్పుడప్పుడూ యాభై అవుతుంది. ఆఖరికి ఇల్లు మారేటప్పుడు కాస్త సాయం, కాలానికి దొరికే చేపా, వేటమాంసమూ పంపడం... అక్కడ తేలుతుంది! పైగా అత్తగారు వెంట తీసుకెళ్ళే పింగాణీ సామాను మీద ఆవిడ కన్ను పడుతుంది. చూశారూ, సముద్రాలు దాటినా మళ్ళీ గిన్నెలే! చదివి నవ్వుతాం. పుస్తకం మూశాక ఆ నవ్వు గొంతులో ముల్లులా ఉండిపోతుంది. అలా రాయడం నాకెప్పటికి వస్తుందో!

ఇక్కడ గయ్యాళి కోడలు జట్టుని కూడా వదలకూడదు. తాళాలగుత్తి చేతులు మారిన ఇళ్ళు ఇప్పుడు బోలెడు. తల్లిదండ్రుల్ని, వయోవృద్ధుల్ని పోషించి తీరాలని 2007లో చట్టం చెయ్యవలసి వచ్చిందంటే, వెనకగదిలో మంచినీళ్ళు తాగి పడుకునే అత్తలు కూడా ఉన్నారనే కదా! వాళ్ళింట్లోనూ పిల్లి ఉండదు.

ఈ భయాలన్నీ పెట్టుకునే కొత్త సీరియల్లో గోడకి ఫోటో తగిలించాను. అత్తే లేకపోతే అన్యాయం జరగదనుకున్నాను. సంపాదకుల ఫోను వచ్చిన రోజు రాత్రి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మా అత్తగారితో ఆ ఉత్తరం సంగతి మొదటిసారి చెప్పాను. పంచదార డబ్బా సంగతి కూడా ఒప్పేసుకున్నాను. గుండె దడదడలాడుతోంది.

ఆవిడ కాయలు తీయడం ఆపలేదు. "డబ్బా నాదేనని నాకు తెలీదుటే? అచ్చం మీ అమ్మే అంటే నువ్వేమంటావో చూద్దామని అన్నాను" అన్నారు. నేను తలెత్తలేదు. కాసేపాగి, "నేను కాపురానికొచ్చేటప్పటికి నాకు పదిహేడేళ్ళు. మా అత్తగారు బియ్యం కొలిచి ఇచ్చి తాళం వేసేవారు. అందరూ తిన్నాక మిగిలితేనే నాకు. మా అమ్మకి రాద్దామంటే కార్డు కొనడానికి డబ్బులేవీ?" అన్నారు. మరో కాయ అందుకుని, మెల్లగా అన్నారు. "మా ఇంట్లోనూ పిల్లి లేదే అమ్మాయ్."

ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

"మరి రాయమంటారా, మానమంటారా అత్తయ్యా?"

"రాయి. మానేస్తే ఆ పిల్ల సంగతి ఎవరికి తెలుస్తుందీ? కాకపోతే ఈసారి ఆ పిల్లకి అన్నం పెట్టి నవ్వించు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే కూర్చుని నాలుగు వారాలూ తిరగేశాను. అదృష్టం బాగుండి, ఆ ఫోటో ఎవరిదో నేను ఎక్కడా రాయలేదు. చదివినవాళ్ళంతా అత్తగారిదే అనుకున్నారు. కాదు, అది అత్తగారి అత్తగారిది! అయిదో వారంలో అసలు అత్తగారు తీర్థయాత్రలు ముగించుకుని, రెండు పెట్టెలూ ఒక గంగచెంబుతో సాయంత్రం బండికి దిగింది. ఫోటో ముందు ఒక్క నిమిషం నిలబడింది. దండం మటుకు పెట్టలేదు. తిన్నగా వంటింట్లోకి వచ్చి, బొడ్లోంచి కొట్టుగది తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది.

"బాగుందమ్మా, చాలా బాగుంది! అయితే తాళంచెవి ఇచ్చేశాక ఇంక గొడవ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నారు సంపాదకులు కంగారుగా.

వస్తుందండీ, రాక ఎక్కడికి పోతుంది? తాళంచెవి అయితే ఇచ్చింది కాని, పంచదార డబ్బా ఎక్కడ పెట్టిందో ఇంకా చెప్పలేదు!